నా సిలబస్ లారీ ఎక్కింది

వేరుకుళ్ళు గురించి చదువుకోవాలంటే ముందు 'ట్రక్యులెంట్' అంటే ఏంటో తెలియాలట. ఎందుకు తెలియాలి అని నన్నడక్కండి. అందర్నీ అడిగి అడిగి నేనే అలిసిపోయాను. 'ఊరికే కయ్యానికి కాలు దువ్వే రకం' అని దానర్థం. వేరుకుళ్ళు తెచ్చే బూజుకి ఇంగ్లీషు రాదు. అది ఏ పరీక్షా రాయకుండానే మా మందార మొక్కల్ని తినేసింది. దాని అంతు చూద్దామనుకున్న నాకు మాత్రం పరీక్ష పెట్టారు.

మాది కడియంలో నర్సరీ. మా తాతగారు నాలుగు మడులతో మొదలుపెడితే నాన్నగారు దాన్ని కాలవగట్టు దాకా పెంచారు. మందారకి మాకు పేరు. నర్సరీలో తల్లి మొక్క అని ఒకటి ఉంటుంది, దాని కొమ్మలు కోసే వేలకి వేలు పిల్ల మొక్కలు చేసుకుంటాం. తల్లి పోతే ఆ రకమే పోయినట్టు. తాతగారి నాటి తల్లి మొక్కలు పదకొండు ఉండేవి మాకు. రెండేళ్ళలో ఒకదాని తర్వాత ఒకటి మొదలు నల్లబడి ఒరిగిపోయాయి. మందుల కొట్టువాడు ఏది ఇస్తే అది పోశాం. ఆఖరిది పూర్తిగా ఎండిపోయాక కూడా నాన్నగారు నెల్లాళ్ళు దానికి రోజూ నీళ్ళు పోయించారు. పీకేద్దామని ఆయనతో అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నేను అప్పటికి హార్టికల్చర్‌లో డిగ్రీ అయి ఇంట్లో ఉన్నాను. సరిగ్గా ఈ బూజు మీదే పనిచేసే ప్రొఫెసరు ఒకావిడ ఎక్కడో దూరదేశంలో ఉందని తెలిసి, చచ్చిన మొక్కల ఫొటోలన్నీ పెట్టి మెయిల్ కొట్టాను. ఆవిడ మర్నాడే జవాబిచ్చింది. ఇలాంటి మొక్కల కోసమే చూస్తున్నాను, నీకు సీటు అట్టేపెట్టాను, వచ్చి పీజీ చెయ్యి అంది. కాకపోతే ఆ యూనివర్సిటీలో ఎవరు చేరాలన్నా ఒక ఇంగ్లీషు పరీక్ష రాయాలట. పెద్ద పెద్ద మాటలకి అర్థాలు చెప్పాలి, పాసేజీలు చదివి జవాబులివ్వాలి, వాళ్ళు గీసిన గీత దాటి మార్కులు రావాలి. జనవరి ఆఖరు లోపల రాకపోతే సీటు వేరేవాళ్ళకి. "ఇందులో నా చేతిలో ఏమీ లేదు" అని ఆవిడ కూడా చేతులెత్తేసింది.

మొదటిసారి వానాకాలంలో విశాఖపట్నం వెళ్ళి రాశాను. మాటలు ఒక్కటీ తెలీలేదు, అది సరే. పాసేజీల్లో మాత్రం అంటు కట్టడం గురించి ఒకటి వచ్చింది. ఆహా, నా పుణ్యం పండింది అనుకున్నాను. కడియం పిల్లకి అంటు మీద ప్రశ్నలా! చదవడం మొదలుపెట్టాక తెలిసింది. రాసినాయన ఎవరో మహానుభావుడు, పాతకాలం తోటమాలులకి అంటు ఎందుకు అతుక్కుంటుందో తెలీనే తెలీదని, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏదో కట్టేసేవారని, కుదిరితే వాళ్ళ అదృష్టమని రాశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గుడ్డెద్దా? మా తాతగారు కట్టిన అంటు ఊడిపోవడం నేను పుట్టి బుద్ధెరిగి చూళ్ళేదు. కింద ప్రశ్నేమో, 'రచయిత అభిప్రాయం ప్రకారం కింది వాటిలో ఏది సరైనది?' అని. రచయిత అభిప్రాయం ఎవడిక్కావాలి, అదే తప్పైతే! నేను నిజం ఏదో చూసి దానికే టిక్కు పెట్టాను. అన్ని ప్రశ్నలకీ నిజమే పెట్టాను. ఫలితం ఏమైందో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇంటికొచ్చి, "ఆ రాసినాయనకి అంటు కట్టడం రాదు నాన్నా" అన్నాను.

నాన్నగారు నవ్వుతారనుకున్నాను. ఆయన సీరియస్‌గా ఆలోచించి, "పోనీ ఒకసారి ఇటు రమ్మను, చూపిద్దాం" అన్నారు.

రెండోసారి రాసుకోవచ్చు, గడువులోపల అదొక్కటే అవకాశం. దిండంత పుస్తకం తెప్పించి మాటలు బట్టీ మొదలుపెట్టాను. పొద్దున్న ఇరవై పడితే సాయంత్రానికి రెండు మిగిలేవి, ఆ రెండూ ఒకదానికొకటి అర్థాలు మార్చుకునేవి. ఒకరోజు ఏడుపొచ్చి వెనక మడుల్లోకి పోయి కూచున్నాను. అక్కడ కూచుంటే తట్టింది. ఇన్ని వందల మొక్కల పేర్లు నేను ఏనాడు బట్టీ పట్టాను? రోజూ చూడ్డం, పిలవడం, అంతే కదా. మా దగ్గర ప్రతి మడికీ ముందు ఒక పసుపుపచ్చ ప్లాస్టిక్ చీటీ కడతాం, దాని మీద మార్కరుతో మొక్క పేరు రాస్తాం. వెనకవైపు నలభై మడులు రెండేళ్ళుగా అమ్ముడుపోని సరుకు, చీటీలు ఎండకి వెలిసిపోయి తెల్లగా ఉన్నాయి. పాతవి పీకేసి కొత్త చీటీలు కట్టాను, ఒక్కో దాని మీద ఒక్కో ఇంగ్లీషు మాట. ఒక మాట వచ్చాక చీటీ వెనకవైపు ఇంకోటి, అదీ వచ్చాక తుడిచి మరోటి రాసేదాన్ని, ముందువైపు మొదటి మాట అలాగే ఉండేది.

ఏదిపడితే అది కట్టలేదు. మొక్క గుణం చూసి కట్టాను. బోగన్‌విల్లా పక్కనుంచి వెళ్ళినా చాలు, చీర పట్టుకు లాగి గీరి పెడుతుంది, కాబట్టి అది ట్రక్యులెంట్. గడ్డిగులాబీ ఎండెక్కితే పూస్తుంది, మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతుంది, అది ఎఫెమరల్, అంటే నిలవనిది. క్రోటను ఇవాళ ఎరుపు, రేపు పసుపు, ఎల్లుండి దాని ఇష్టం, కనక మెర్క్యూరియల్. బూజు వదిలేసిన నాటు మందార రోజుకి పాతిక పూలు పూసి సాయంత్రానికి పాతికా కింద పారేస్తుంది, దుబారా మనిషి, ప్రాడిగల్. కాక్టస్ తాగిన నీళ్ళు చుక్క కూడా బయటకి రానివ్వదు, పిసినారి, పార్సిమోనియస్. గులాబీ అంట్లకి నీళ్ళు ఎక్కువైతే కోపం, తక్కువైతే కోపం, ఎంత చేసినా ఏదో వంక, అది ఫాస్టిడియస్. ఇలా నలభై మడులూ నా తరగతి గది అయిపోయాయి.

మర్నాడు మేస్త్రమ్మ చూసింది.

మేస్త్రమ్మ అంటే మా నర్సరీలో ఆడకూలీల జట్టుకి పెద్ద. నేను పుట్టకముందు నుంచీ మా దగ్గరే పని. ఏ మడిలో ఏముందో, దేనికి ఎన్నాళ్ళ కింద ఎరువేశామో కళ్ళు మూసుకుని చెప్తుంది. చదువు రాదు. చీటీ మీద ఏముందో ఆవిడకి అక్కర్లేదు, మొక్కని చూస్తే చాలు.

"ఏంటండి అమ్మాయిగారూ, దేవుళ్ళకి ముడుపులు కట్టినట్టు అన్నిటికీ కట్టేశారు? కొత్త రకాలా?"

సంగతి చెప్పాను. ఈ మాటలు వస్తేనే నాకు సీటు, సీటొస్తేనే మందారకి పట్టిన రోగం సంగతి తెలుస్తుంది అన్నాను. ఆవిడ చేటంత మొహం చేసుకుని వింది. విని, మడుల వెంట నాతో నడిచింది, ఒక్కో దానికీ అర్థం చెప్పించుకుంది. మనీప్లాంట్ దగ్గర ఆగింది. దానికి నేను 'గార్యులస్' అని కట్టాను, వాగుడుకాయ అని.

"ఇది వాగుడుకాయ ఏంటండి? ఎవడు దొరికితే వాణ్ణి పట్టుకుని పైకెక్కే రకం ఇది. పెద్దోళ్ళ కాళ్ళు పట్టుకునేవాళ్ళని ఏమంటారండి?"

"సైకోఫాంట్ అంటారు."

"మరదే కట్టండి. వాగుడుకాయంటే రావి మొక్కండి. గాలి లేకపోయినా ఆకులు గలగలా అంటూనే ఉంటాయి."

మార్చి కట్టాను. ఏం చేస్తాను, ఆవిడ చెప్పింది నిజమే. ఆ రోజు సాయంత్రం పని దిగి వెళ్తూ, "రేపు పొద్దున్న అడుగుతానండి, మర్చిపోకండి" అంది.

అడిగింది కూడా. అప్పట్నుంచీ రోజూ అడిగేది. పొద్దున్నే నీళ్ళ గొట్టం పట్టుకుని మడి ముందు నిలబడి, "ఇదేంటండి?" అనేది. నేను మాట, అర్థం చెప్పాలి. తడబడ్డానో, గొట్టం నా కాళ్ళ మీదకి తిప్పేది. నాలుగు నెలలు అలా గడిచాయి. నాకు వచ్చాయో లేదో గానీ ఆవిడకి మాత్రం అన్నీ వచ్చేశాయి. పుస్తకంలోవే కాదు, వాడకం కూడా వచ్చేసింది. "ఇవాళ నాన్నగారి జోలికెళ్ళకండి, ట్రక్యులెంటుగా ఉన్నారు" అనేది. బేరగాడు టీ తాగి ఒక్క మొక్కా కొనకుండా పోతే "పార్సిమోనియస్ ముండాకొడుకు" అని తిట్టేది. కోడలు మరీ ఫాస్టిడియస్ అయిపోయిందంది ఒకరోజు. ఆవిడ నోట్లోంచి జట్టు మొత్తానికి అంటుకున్నాయి. మధ్యాహ్నం షెడ్డులో అన్నాలు తింటూ పన్నెండు మంది ఆడవాళ్ళు ఒకరినొకరు సైకోఫాంటని తిట్టుకుంటుంటే, అటుగా వచ్చిన మా అమ్మ హడిలిపోయింది.

ఇక్కడ మా కడియం అలవాటొకటి చెప్పాలి. మా దగ్గర మొక్కకి సొంత పేరంటూ ఉండదు. కొనేవాడు ఏ పేరంటే అదే దాని పేరు. ఒకాయనొచ్చి గన్నేరుని చూపించి "ఇది పారిజాతమే కదండీ" అన్నాడనుకోండి, "అక్షరాలా పారిజాతమేనండి, మంచి చెయ్యి మీది" అంటాం. వాదిస్తే బేరం పోతుంది. కదలని సరుక్కి మేమే ఏటేటా కొత్త పేరు పెడతాం. మా నాన్నగారు ఒకే పామ్‌ని నాలుగు పేర్లతో నాలుగు రాష్ట్రాలకి పంపిన ఘనులు. మొక్క మాత్రం మంచిది ఇస్తారు. పేరులో ఏముంది, వేరులో ఉంది గానీ అంటారు.

పరీక్షకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. నేను రాజమండ్రి వెళ్ళాను, కంప్యూటరు బాగు చేయించుకోడానికి. మేస్త్రమ్మ ఆ పూట జట్టుతో ముందు మడుల్లో ఉంది. సరిగ్గా అప్పుడే మహారాష్ట్ర నుంచి ఒక పెద్ద బేరం వచ్చింది. ముందున్నవేవీ ఆయనకి నచ్చలేదట. తిరిగి తిరిగి వెనక మడుల దగ్గరికొచ్చి, చీటీలు చూసి ఆగిపోయాడట. మా నాన్నగారికి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు, అర్థాలతో పనిలేదు. అది నా చదువని ఆయనకి తెలుసు, తెలిసీ బేరం ముందు ఆయన నోరు ఆగదు.

"ఇది కొత్త రకమండి. మెర్క్యూరియల్. బయట ఎక్కడా దొరకదు" అన్నారట క్రోటను చూపించి.

"మరి ఇది?"

"ట్రక్యులెంటండి. కాంపౌండు గోడకి భలే ఉంటుంది. దొంగ ఎక్కలేడు."

నేను సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నలభై మడులు, నలభై బోడి నేలలు. మొక్కల సంచులు ఉన్నచోట గుండ్రటి తడి మచ్చలు తప్ప ఏం లేదు. చీటీలతో సహా లారీ ఎక్కించేశారు. కొన్నాయన చీటీలు ఊడకుండా పంపమని మరీ మరీ చెప్పాడట, తన దగ్గరికొచ్చే బేరాలకి చూపించాలి కదా.

"నా సిలబస్ అమ్మేశారు నాన్నా!" అని అరిచాను.

"సిలబస్ ఏంటమ్మా, రెండేళ్ళ నుంచి కదలని సరుకు!" అన్నారాయన. ఆ మాట అంటూండగానే ఆయన మొహం మారింది, తను చేసిన పని అప్పుడు తెలిసింది. కానీ తెలిసి ఏం లాభం, లారీ అప్పటికి ఏలూరు దాటి ఉంటుంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఫోన్లు కూడా మొదలయ్యాయి. 'మీ దగ్గర ట్రక్యులెంట్ ఉందట, అయిదొందలు కావాలి' అని ఒకాయన, 'ఎఫెమరల్ గట్టి మొక్కేనా, నాలుగేళ్ళు నిలుస్తుందా' అని ఇంకొకాయన. వారం తిరక్కుండా పక్క నర్సరీలో కూడా ఎఫెమరల్ బోర్డు పెట్టేశారు. మా కంటే తక్కువకిస్తాం అని కూడా రాశారు.

మీరనొచ్చు, మాటలన్నీ పుస్తకంలో ఉన్నాయిగా అని. ఉన్నాయి. చూస్తే ఒక్కటీ నాకు తెలిసినదానిలా అనిపించలేదు. ఎఫెమరల్ అని పుస్తకంలో చదివితే తొమ్మిది అక్షరాల కుప్పలా ఉంది. అది మడి చివర నేల మీద పాకి ఉండేది, ఇప్పుడు మడి లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక పక్క సీటు, ఒక పక్క మొదలు నల్లబడ్డ తల్లి మొక్క, మధ్యలో ఈ బోడి నేల. నాన్నగారితో మాట్లాడ్డం మానేశాను. ఆయన రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయారు.

పొద్దున్న లేచేసరికి మేస్త్రమ్మ వెనక నేలలో నిలబడి ఉంది. నీళ్ళ గొట్టం చేతిలో ఉంది, పొయ్యడానికి మాత్రం ఏం లేదు.

"రండి" అంది. "ఇక్కడేముండేదండి?"

"ఏముందక్కడ, నా మొహం. మట్టి."

"నిన్న దాకా ఏముండేదని అడుగుతున్నానండి."

ఆవిడ రెండడుగులు పక్కకేసి, చీర కొంగు దులుపుకుంది. ఎవరో పట్టుకు లాగితే విడిపించుకున్నట్టు. "అబ్బ, మళ్ళీ పట్టుకుంది చూడండి, చీర చిరిగిపోను!" అంది.

"ట్రక్యులెంట్" అన్నాను.

"మరి చెప్పరే! ఇదిగో ఈ పక్కన? పొద్దున్న పూసి..."

"ఎఫెమరల్."

"ఇక్కడ? పాతిక పూసి పాతికా..."

"ప్రాడిగల్!"

అలా నలభై మడులూ నడిపించింది. ఒక్కటి తప్పలేదు ఆవిడ. ఒక్కో మడిలో నాలుగు నెలలుగా చీటీ వెనక తుడిచి తుడిచి రాసిన పాత మాటలు కూడా వరసలో చెప్పింది. తెల్ల కాగితంలాంటి నేల మీద ఆవిడ చదువుతుంటే నేను వెనకాల నడిచాను. ఎనిమిది రోజులు రోజూ అదే పని. చూసినవాళ్ళు ఇద్దరికీ ఏదో సోకిందనుకున్నారు. లోడింగు వాళ్ళు దూరం నుంచి దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు.

పాసేజీల సంగతి నాన్నగారు తేల్చారు. ఒకరోజు నా పక్కనొచ్చి కూచుని, నా మొహం చూడకుండా చెప్పారు. "అమ్మా, ఆ రాసినాయనతో దెబ్బలాడకు. ఆయన బేరగాడనుకో. గన్నేరుని పారిజాతమంటే, అవునండి పారిజాతమే అను. మొక్క నిజంగా ఏంటో నీకు తెలుసు కదా, అది నీ దగ్గరుంచుకో."

ఏ కోచింగు సెంటరువాడూ ఇంత బాగా చెప్పి ఉండడు.

విశాఖపట్నంలో ఆ నెలలో ఖాళీ లేదు. అందుకని ఇంట్లోనే కంప్యూటరు మీద రాసే ఏర్పాటు తీసుకున్నాను. ఎక్కడో కూచున్న ఒకాయన కెమెరాలోంచి మనల్నే చూస్తూ ఉంటాడు. గదిలో ఎవరూ ఉండకూడదు, చప్పుడు ఉండకూడదు, మన కళ్ళు స్క్రీన్ దాటి పోకూడదు. నాన్నగారు ఇంటి చుట్టూ తాడు కట్టించారు. లారీవాళ్ళెవరూ హారన్ కొట్టకూడదన్నారు. లోడింగు జట్టు గుసగుసలాడుకుంటూ, దొంగతనం చేస్తున్నట్టు కాలి వేళ్ళ మీద నడుస్తూ పామ్ మొక్కలు ఎక్కించారు. తాడు అవతల స్టూలేసుకుని ఆయనే కాపలా కూచున్నారు. అటు వచ్చిన కోడిని కూడా వేలు చూపించి "ఉష్" అన్నారని మా అమ్మ తర్వాత చెప్పింది.

కెమెరా ఆయన ముందు గది అంతా తిప్పి చూపించమన్నాడు. మంచం కింద కొబ్బరిపొట్టు బస్తా ఏంటి అని అడిగాడు. మొక్కల అన్నం అని చెప్పాను. తీసెయ్యమన్నాడు. కిటికీలో ఉన్న ఫెర్ను కుండీని అనుమానంగా చూసి, దాన్ని కూడా బయట పెట్టమన్నాడు. పరీక్షలో నాకు సాయం చేస్తుందనుకున్నాడో ఏమో. అనుమానించడంలో ఆయన తప్పేమీ లేదు, నా సంగతి ఆయనకి తెలిస్తే.

మొదలైంది. మొదటి ఖాళీలోనే చిక్కు. తాత తండ్రులు కూడబెట్టింది ఒక్క ఏడాదిలో ఊదేసిన జమీందారు ఎలాంటివాడు? అయిదు మాటలిచ్చారు. నా తల దానంతటదే ఎడమవైపు తిరిగింది. గోడకవతల అటే మందార మడి ఉండేది.

"దయచేసి స్క్రీన్ వైపే చూడండి" అని గొంతు వినిపించింది.

తిప్పుకున్నాను. ఇంకో రెండు ప్రశ్నలు పోయాక మళ్ళీ తిరిగింది, ఈసారి కాక్టస్ వైపు. అలవాటు కదా.

"ఇది రెండో హెచ్చరిక. మళ్ళీ చూస్తే పరీక్ష రద్దవుతుంది."

చచ్చాను పో అనుకున్నాను. మడుల వైపు చూడకుండా నాకు మాటలెలా వస్తాయి? అక్కడ మడులు లేవయ్యా బాబూ, మట్టి ఉంది, మట్టిని చూస్తే నీకేంటి నష్టం అని అరవాలనిపించింది. అరిస్తే అదీ తప్పే. స్క్రీన్ మీదే కళ్ళు పెట్టి, మెడ బిగబట్టి కూచున్నాను. అప్పుడు చెవిలో మేస్త్రమ్మ గొంతు. పాతిక పూసి పాతికా పారేసేది ఏదండి? ప్రాడిగల్. తాగింది బయటకి రానివ్వనిది? పార్సిమోనియస్. ఒక్కొక్కటే అడుగుతోంది, ఒక్కొక్కటే చెప్తున్నాను. తడబడినచోట కాళ్ళకి చల్లగా నీళ్ళు తగిలినట్టు ఉలిక్కిపడ్డాను కూడా. ఆ ఉలికిపాటు చూసి కెమెరా ఆయన ఏమనుకున్నాడో తెలీదు.

పాసేజీలు వచ్చాయి. ఈసారి రాసినాయన జాలర్ల మీద పడ్డాడు. సముద్రపు ఆటుపోట్లు వాళ్ళకి లెక్కప్రకారం తెలీవట, ఊరికే ఊహట. పళ్ళు నూరుకున్నాను. అవునండి, పారిజాతమేనండి, మంచి చెయ్యి మీది అనుకుంటూ, ఆయన ఏమన్నాడో అదే టిక్కు పెట్టుకుంటూ పోయాను.

అయిపోగానే మార్కు స్క్రీన్ మీదే వస్తుంది. కళ్ళు మూసుకుని తెరిచాను. గీత దాటింది. ఎక్కువేం కాదు, రెండే రెండు మార్కులు. చాలు కదా!

బయటికి పరిగెత్తాను. నాన్నగారు స్టూలు మీంచి లేచారు, మళ్ళీ కూచున్నారు.

"వచ్చింది నాన్నా."

ఆయన కండువాతో మొహం తుడుచుకుని, "ఆ మోడు అలాగే ఉంచానమ్మా. వేరు ముక్క పట్టుకెళ్ళు, మీ మేడమ్ గారికి కావాలి కదా" అన్నారు. ఎండిన తల్లి మొక్కని ఇన్నాళ్ళూ పీకనివ్వనిది అందుకన్నమాట. నాకు ఏడుపు ఆగలేదు.

మేస్త్రమ్మ తాడు అవతల నుంచి అడుగుతోంది, "ఏమేం అడిగారండి?"

"ప్రాడిగల్ అడిగారు."

"మందార వస్తుందని నేను చెప్పలా!" అని జట్టు వైపు తిరిగి గొప్పగా చెప్పుకుంది. పరీక్ష తనే రాసినట్టు. ఒక రకంగా తనే రాసింది.

సంతోషంలో ఉన్నాను. "నీకేం కావాలో అడుగు మేస్త్రమ్మా, ఏదైనా సరే" అన్నాను.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. కాస్త ఆలోచించింది. "పసుపు చీటీ ఒకటి మిగిలిందాండి?"

"బోలెడున్నాయి. ఎందుకు?"

"నా పేరు రాసివ్వండి. క్యారేజీకి కట్టుకుంటాను. షెడ్డులో పన్నెండూ ఒకేలా ఉంటాయా, మొన్న ఎవత్తో నా పప్పు తినేసి ఖాళీ గిన్నె పెట్టింది."

ఇదెంత పని! చీటీ తెచ్చాను, మార్కరు మూత తీశాను, మోకాలి మీద పెట్టుకుని మొదలుపెట్టాను. మార్కరు ముల్లు చీటీ మీద ఆనింది, చుక్క పడింది. అక్కడే ఆగిపోయింది.

మేస్త్రమ్మ. ఇంకా? ఇంకేం లేదు నా దగ్గర. పుట్టినప్పట్నుంచీ ఎరిగిన మనిషి. హాజరు పుస్తకంలో కూడా మేస్త్రమ్మ అనే ఉంటుంది. నాన్నగారి వైపు చూశాను. ఆయన గబుక్కున పామ్ మొక్కల వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే లెక్కపెట్టడం మొదలెట్టారు. ఆయనకీ తెలీదు. చుక్క పెద్దదౌతోంది. నాలుగు వందల మాటలు నా చేత వల్లె వేయించిన మనిషి ముందు నిలబడి, సిగ్గుతో చచ్చిపోతూ అడిగాను.

"నీ పేరేంటి?"

కోప్పడితే బాగుండేది. ఆవిడ నవ్వింది. "అది మీ పుస్తకంలో లేదాండి?" అంది. జట్టంతా నవ్వారు. తర్వాత పేరు చెప్పింది.

తెలుగులో రాశాను. మూడే అక్షరాలు. ఆవిడ తీసుకుని అటూ ఇటూ తిప్పింది, తలకిందులుగా పట్టుకుంటే నేను సరిచేశాను. చాలాసేపు చూసింది. "ఇంతేనా అండి? ఇంత చిన్నదా?" అంది. చీటీని కొంగు చివర ముడేసుకుని, పని దిగి ఇంటికి బయల్దేరింది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రేపు పొద్దున్న అడుగుతానండి, మర్చిపోకండి."

మర్నాడు పొద్దున్న నీళ్ళ గొట్టం పట్టుకుని, క్యారేజీకి కట్టిన చీటీ చూపించి అడిగింది.